మ్యాక్ అడ్రస్ మారిస్తే స్పీడ్ పెరుగుతుందా?

"రౌటర్‌లో మ్యాక్ అడ్రస్ మార్చేయండి. స్పీడ్ డబుల్ అవుతుంది, అయిపోయిన డేటా మళ్లీ మొదలవుతుంది, మిమ్మల్ని ఎవరూ కనిపెట్టలేరు." ఈ సలహా వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నమ్మి మార్చినవాళ్లకు ఒక్కోసారి ఉన్న నెట్ కూడా పోతుంది. అందుకే రాస్తున్నాను.

స్పీడ్ సంగతి. 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే ఆ పరిమితి పెట్టేది ప్రొవైడర్ దగ్గరి పరికరం, అదీ మీ అకౌంట్‌ను బట్టి. మ్యాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్ పరికరానికి ఉండే 48 బిట్ల గుర్తింపు నంబరు మాత్రమే. దాంట్లో వేగానికి సంబంధించింది ఏమీ లేదు. డేటా లెక్క కూడా మామూలుగా యూజర్‌నేమ్ మీదే నడుస్తుంది.

ఎవరూ కనిపెట్టలేరన్నది ఇంకా ప్రమాదకరమైన మాట. రౌటర్ మ్యాక్ అడ్రస్ ప్రొవైడర్ తొలి పరికరం దాటి వెళ్లదు. వెబ్‌సైట్‌కు కనిపించేది ప్రొవైడర్ మీ కనెక్షన్‌కు ఇచ్చే ఐపీ అడ్రస్. ఆ ఐపీ ఏ టైములో ఏ కస్టమర్ దగ్గర ఉందో ప్రొవైడర్ రికార్డుల్లో ఉంటుంది. ఈ ధైర్యంతో పిల్లలు ఏదైనా తెలివితక్కువ పని చేస్తే ఇరుక్కునేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లే.

పక్కింటివాళ్ల మ్యాక్ పెట్టుకుంటే వాళ్ల నెట్ వస్తుందని కూడా కొందరు కలుపుతున్నారు. ప్రొవైడర్ స్విచ్ (ఇళ్ల లైన్లను కలిపే పరికరం) మీద ఒకే అడ్రస్ రెండుచోట్ల కనిపిస్తే డేటా ఎటు పంపాలో దానికి తెలియదు, ఇద్దరికీ నెట్ తెగుతూ ఉంటుంది. చాలా కనెక్షన్లకు లాగిన్ పాస్‌వర్డ్ కూడా కావాలి.

మరి రౌటర్‌లో మ్యాక్ మార్చే ఆప్షన్ ఎందుకు ఇచ్చారు? కొందరు ప్రొవైడర్లు, ముఖ్యంగా కేబుల్ నెట్ ఇచ్చే చోట, మొదట పెట్టిన పరికరం మ్యాక్‌తో కనెక్షన్‌ను ముడిపెడతారు. కొత్త రౌటర్ పెడితే లైట్లన్నీ వెలుగుతాయి, నెట్ మాత్రం రాదు. అప్పుడు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మ్యాక్ రీసెట్ చేయమనండి. లేదంటే 'మ్యాక్ క్లోన్' పేజీలో పాత అడ్రస్ కొట్టండి. అయితే పాత రౌటర్‌ను అదే లైనుకు మళ్లీ తగిలించకూడదు. ఫైబర్ బాక్సును మాత్రం సాధారణంగా సీరియల్ నంబరుతో గుర్తుపడతారు, కాబట్టి బాక్సే మారిస్తే క్లోన్ పనికిరాదు, ప్రొవైడరే నమోదు చేయాలి.

అడ్రస్ కొట్టేటప్పుడు జాగ్రత్త. అంకెలు పోను ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలే వస్తాయి. గుండ్రంగా కనిపించేది సున్నా, ఓ కాదు. స్టిక్కర్ మీద 8కీ బీకీ తేడా కనపడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. పైగా స్టిక్కర్ మీద ఉన్నది చాలాసార్లు ఇంటి లోపలి వైపు అడ్రస్. ప్రొవైడర్‌కు తెలిసింది వ్యాన్ (WAN) అడ్రస్, అంటే బయటి లైను తగిలే వైపుది, చివరి అంకె ఒకటి అటూఇటుగా ఉండొచ్చు. ఫోన్ నుంచి క్లోన్ బటన్ నొక్కకండి, అది మీరు వాడుతున్న ఫోన్ అడ్రస్‌నే కాపీ చేస్తుంది, పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి అసలు అడ్రస్ బదులు ఉత్తుత్తి అడ్రస్ చూపిస్తున్నాయి.

పాత రౌటర్ ఇంకా పనిచేస్తుంటే, తీసేసే ముందే దాని స్టేటస్ పేజీ తెరిచి వ్యాన్ మ్యాక్ రాసి పెట్టుకోండి.