స్టీలు ప్లేట్లతో జనరేటర్ నడవదు

కరెంటు పోతే చెరువు నీటికి ఆక్సిజన్ అందించే ఏరేటర్లు ఆగిపోతాయన్న టెన్షన్ రొయ్యల రైతుకు ఎప్పుడూ ఉండేదే. ఆ భయాన్నే పట్టుకుంది ఈమధ్య భీమవరం నుంచి అమలాపురం దాకా గ్రూపుల్లో తిరుగుతున్న ఒక వీడియో. బకెట్ నీళ్లలో గుప్పెడు కల్లుప్పు కలిపి, రెండు స్టీలు ప్లేట్లు ముంచి, 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే హైడ్రోజన్ వస్తుందట. దాంతో జనరేటర్ నడిపి, అదే కరెంటుతో బ్యాటరీని మళ్లీ చార్జ్ చేసుకోవచ్చట. హైడ్రోజన్ తయారీకి ప్లాటినం కావాలని కంపెనీలు అబద్ధమాడుతున్నాయట.

బుడగలు వస్తాయి, నిజమే. నెగటివ్ ప్లేటు దగ్గర వచ్చేది హైడ్రోజనే. గొడవంతా పాజిటివ్ ప్లేటుతోనే. ఉప్పునీళ్లలో అక్కడ ఆక్సిజన్‌తో పోటీపడి క్లోరిన్ పుడుతుంది. చెరువుకు బ్లీచింగ్ వేసినప్పుడు వచ్చే ఘాటు వాసన ఇదే. స్టీలును తుప్పు నుంచి కాపాడేది దాని మీదుండే పల్చటి ఆక్సైడ్ పొర. క్లోరైడ్ ఆ పొరను ఛేదిస్తుంది, పైనుంచి కరెంటు లోహాన్ని కరిగిస్తుంది. వీడియోలో నీళ్లు గోధుమరంగులోకి మారడాన్ని ‘శక్తి విడుదల’ అన్నాడు మహానుభావుడు. అది కరిగిన ప్లేటు! దాంతోపాటు విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియం కూడా నీళ్లలో చేరవచ్చు.

ప్లాటినం మాటలో మాత్రం సగం నిజముంది. కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రాలను ఎలక్ట్రోలైజర్లంటారు. ప్లాటినం, దానిలాగే అరుదైన ఇరీడియం అనే లోహం కావలసింది వాటిలో ఆమ్ల వాతావరణంలో పనిచేసే పెమ్ (PEM) రకానికి. అక్కడ పాజిటివ్ వైపు మామూలు లోహాలు నిలవవు. అందుకే ఇరీడియం ఆక్సైడ్ వాడతారు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి దొరికే ఇరీడియం 7, 8 టన్నులే. క్షార ద్రావణంతో పనిచేసే ఆల్కలైన్ రకంలో ఆ బాధ లేదు. 25–30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నికెల్ ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇలా నీటి నుంచి తీసిన హైడ్రోజన్‌తో అమ్మోనియా చేసే కాకినాడ గ్రీన్ అమ్మోనియా ప్రాజెక్టుకు ఎంచుకున్నదీ ఆల్కలైన్ రకమే. ఇందులో కంపెనీలు దాచిందేమీ లేదు. ప్లాటినం అక్కర్లేదంటే ఉప్పు, స్టీలు చాలని అర్థం కాదు.

ఇక బ్యాటరీ లెక్క. 10 ఆంపియర్లు గంటసేపు పారితే వచ్చే హైడ్రోజన్ 0.4 గ్రాముకు లోపే. దాన్ని కాలిస్తే దక్కేది సుమారు 12 వాట్-అవర్లు. బ్యాటరీ ఖర్చుపెట్టింది 120. నీటిని విడగొట్టడానికి 2 వోల్టుల దాకా చాలు, మిగతాదంతా నీళ్లను వేడెక్కించడానికే. మంచి ఎలక్ట్రోలైజర్‌కైనా కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్ల పైన కరెంటు కావాలి. ఆ కిలోను ఇంజన్‌లో కాలిస్తే తిరిగొచ్చేది మహా అయితే 10, 12 యూనిట్లు. బ్యాటరీ మళ్లీ నిండడం కల్ల.

అన్నిటికన్నా ప్రమాదం, రెండు ప్లేట్ల వాయువులనూ ఒకే గొట్టంలోకి పంపడం. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య హైడ్రోజన్ ఎంతున్నా అంటుకుంటుంది. ఆక్సిజన్‌తో కలిస్తే ఆ పరిధి ఇంకా పెరుగుతుంది. క్లోరిన్‌తో కలిస్తే ఎండ తగిలినా పేలవచ్చు. ఫ్యాక్టరీల్లో రెండు వాయువులూ కలవకుండా మధ్యలో డయాఫ్రమ్ అనే పొర పెట్టేది ఇందుకే. ఇప్పటికే ఎవరైనా చేసి చూసి ఉంటే, కరెంటు తీసేసి, గాలి ఆడేలా వదిలేయండి. ఆ గోధుమరంగు నీళ్లను మాత్రం చెరువులోనో పంట కాలువలోనో పారబోయకండి.