సాత్‌బారాలో పేరు లేని రైతు

మా మేనమామ ఇంట్లో దేవుడి గూటి కింద ఒక రేకు డబ్బా ఉంటుంది. ఎరువుల బిల్లులు, కరెంటు బిల్లులు, పిల్లల టీసీలు అన్నీ అందులోనే. 2024 సోయాబీన్ పంట తాలూకు రెండు చీటీలు కూడా అందులో ఉన్నాయి. ఒకటి మహారాష్ట్రలోని ధర్మాబాద్ మోండాలో (వ్యవసాయ మార్కెట్లో) ఆడత్ (కమీషన్ వ్యాపారి) దుకాణంవాళ్లు రాసిచ్చింది. బస్తాలు, తూకం, హమాలీ, రేటు, పైన ‘శేత్కరీ’ (మరాఠీలో రైతు) అన్నచోట మామ పేరు. రెండోది సర్కారు కొనుగోలు కేంద్రం రసీదు. చేను అదే, గింజ అదే, వారం కూడా అదే. కానీ ‘శేత్కరీ’ అన్నచోట మామ పేరు లేదు, భూమి యజమాని పేరుంది. ఆయన పుణెలో ఉద్యోగం చేస్తాడు. చేను చూసి నాలుగేళ్లయింది.

మామ నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో ఐదెకరాలు మక్తాకు, అంటే ఒక్క మొత్తంగా కట్టే కౌలుకు, చేస్తాడు. ఉగాదికి ఉగాది లెక్క, డబ్బు ముందే కట్టాలి. ఆ ఏడు సోయాబీన్ మద్దతు ధర క్వింటాలుకు 4,892 రూపాయలు. మోండాలో నాలుగు వేల చుట్టూ తిరిగింది. అంత తేడా ఎవరు వదులుకుంటారు? అయితే కేంద్రంలో అమ్మాలంటే సాత్‌బారా (7/12 అనే భూమి రికార్డు నకలు) కావాలి, దాని మీద సోయాబీన్ ఎక్కి ఉండాలి, అందులో ఎవరి పేరుంటే వారి ఖాతాలోనే డబ్బు పడుతుంది. తేమ మీటరు పెడుతున్నంతసేపూ మామ దోసిట్లో గింజలు పట్టుకొని నిలబడ్డాడు. తేమ ఎక్కువుందని తిప్పి పంపిన బస్తాలే మోండాకు వెళ్లాయి. మిగతా సరుకు డబ్బు పడ్డ మెసేజ్ పుణెలో మోగింది. యజమాని మంచివాడు, నాలుగో రోజున పంపించాడు. ఆ నాలుగు రాత్రులూ మామకు కంటి మీద కునుకు లేదు.

కేంద్రంలో కూర్చున్న గుమాస్తాది తప్పని నేను అనను. ఆయన ముందున్న ఫారంలో రైతు అంటే సాత్‌బారాలో పేరున్నవాడు. మోండాలో రైతు అంటే బండి తోలుకొచ్చినవాడు. మార్కెట్ చట్టంలో వ్యవసాయదారుకు ఇంకో నిర్వచనం ఉంది. ఒక్క మాటకు ఇన్ని అర్థాలుంటే, ప్రతిచోటా నష్టపోయేది ఒకడే ఎందుకవుతున్నాడన్నది నా ప్రశ్న.

ఈ చిక్కు మా జిల్లాలో నిన్న మొన్న పుట్టింది కాదు. 1956 దాకా నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. బాసర ఉన్న ముధోల్ తాలూకా కూడా అప్పట్లో నాందేడ్ జిల్లాదే. ఇటు బిలోలి, అటు ముధోల్, రెండింటికీ 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టమే దిక్కు. 1956 రాష్ట్రాల పునర్విభజనతో ఊళ్లు విడిపోయాయి. చట్టం మాత్రం రెండు వైపులా ఉండిపోయి, సవరణల మీద సవరణలతో ఎవరి దారిన వారిదయింది. మహారాష్ట్రలో సాగుభూమి కొనాలంటే ముందే రైతువై ఉండాలి, లేదా కలెక్టరు అనుమతి తెచ్చుకోవాలి. రైతువని చూపించడానికి అడిగేది మళ్లీ సాత్‌బారానే. ఇరవై ఏళ్లు పరాయి చేను దున్ని, నాలుగు డబ్బులు కూడబెట్టి ఎకరం కొందామనుకున్నవాడు అక్కడే ఆగిపోతాడు. ఏరు దాటి తెలంగాణలోకి వెళితే ఆ నిబంధనే లేదు. జన్మలో నాగలి పట్టనివాడు కూడా కొనుక్కోవచ్చు.

ఆ 1950 చట్టంలో ‘స్వయంగా సాగు చేయడం’ అన్న మాట ఉంది. తన రెక్కల కష్టంతో, ఇంటివాళ్ల కష్టంతో, లేదా తన పర్యవేక్షణలో కూలీలతో, జీతగాళ్లతో చేయించినా స్వయంగా చేసినట్టే. ఒక మినహాయింపు పెట్టారు. జీతగాడికి డబ్బు ఇవ్వొచ్చు, ధాన్యం ఇవ్వొచ్చు, పంటలో వాటా మాత్రం ఇవ్వకూడదు. వాటా ఇస్తే ఆ సాగు యజమానిది కాదు. అంటే బటాయికి (పంట వాటాకు) చేసేవాడు కూలీ కాదని 1950లోనే ఒప్పుకున్నారు. భూస్వామి చేతిలోంచి కౌలుదారును కాపాడటానికి ఎంతో ఆలోచించి రాసిన వాక్యమది. 2017లో జీఎస్టీ చట్టం వచ్చింది. అందులో వ్యవసాయదారు నిర్వచనం చదివితే దాదాపు అవే మాటలు కనిపిస్తాయి. సొంత కష్టం, కుటుంబం కష్టం, పర్యవేక్షణలో కూలీలు. పంట వాటా మినహాయింపు మాత్రం లేదు. ఇక్కడ ఆ మాటల పని పన్ను లెక్క తేల్చడం వరకే. ఇక ఆదాయపు పన్ను చట్టంలో సాగుభూమి మీద వచ్చే కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే, దానికి పన్ను లేదు. మామ ముందస్తుగా కట్టిన మక్తా డబ్బు పుణె చేరగానే వ్యవసాయ ఆదాయమవుతుంది. ఆ డబ్బు కోసం మామ ఆడత్‌లో తెచ్చిన అప్పుకు మాత్రం వ్యవసాయ రుణమన్న పేరు రాదు.

బ్యాంకు సంగతి చూడండి. కిసాన్ క్రెడిట్ కార్డుకు కౌలుదారులు, బటాయిదారులు అర్హులని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు చెబుతున్నాయి. నోటిమాట కౌలుకు చేసేవాళ్లను కూడా పేరుపెట్టి చేర్చాయి. బ్యాంకు కిటికీ దగ్గరికి వెళితే సాత్‌బారా, ఆఠ్-అ ఉతారా (8-అ అనే భూమి ఖాతా నకలు) అడుగుతారు. పంటల బీమా మార్గదర్శకాల్లోనూ కౌలుదారు ఉన్నాడు. కాగితాల దగ్గరికి వచ్చేసరికి రిజిస్టరైన కౌలు ఒప్పందం తెమ్మంటారు. మా తాలూకాలో అలాంటి ఒప్పందం చేసుకున్నవాడిని నేను ఇంతవరకూ చూడలేదు. నియమం రాసినవాడు మాటను విశాలంగానే రాశాడు. కింద కాగితాలు అడిగేవాడు తనకు నష్టం రాకుండా దాన్ని బిగించుకుంటూ పోయాడు. కాబట్టి ఏ పథకమైనా నిర్వచనం ఒక్కటి చదివి సంతోషపడితే లాభం లేదు. జతచేయాల్సిన పత్రాల జాబితా చదవాలి. అసలు నిర్వచనం అందులోనే ఉంటుంది.

2018లో అటువైపు తెలంగాణలో రైతుబంధు పెట్టుబడి సాయం మొదలైంది. ఎకరాకు, పంటకు నాలుగు వేలు. ధర్మాబాద్, బిలోలి, నాయిగావ్ వైపు కొన్ని ఊళ్లవాళ్లు మమ్మల్ని తెలంగాణలో కలపండని అడిగారు. వాళ్ల బాధ నాకు తెలుసు. మా ఇళ్లల్లో మాట్లాడేది తెలుగు, పిల్లను ఇచ్చేది నిజామాబాద్ వైపు, వియ్యంకుడి ఖాతాలో పడే డబ్బు మన ఖాతాలో పడటం లేదంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆ నాలుగు వేలు పట్టాదారుకు. ఐదు లక్షల రైతుబీమా కూడా పట్టాదారుకే. కౌలుదారుకు రెండూ లేవు. అక్కడి పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. భూమి ఎవరిది, దున్నేది ఎవరు అన్న రెండు ప్రశ్నలకు రెండు గళ్లు. 2017 భూరికార్డుల ప్రక్షాళన తర్వాత రికార్డుల్లో ఆ రెండో గడి లేకుండా పోయింది. కలపమని అడిగినవాళ్లలో మామ కూడా ఉన్నాడు. నేను ఇదంతా చెప్పాక మామ చాలాసేపు మాట్లాడలేదు. ఇటువైపు గోపీనాథ్ ముండే పేరుతో ఉన్న ప్రమాద సాయం రెండు లక్షలు. 2019లో దాన్ని ఖాతాదారు రైతుతోపాటు అతని కుటుంబంలో ఇంకొకరికి కూడా వర్తింపజేశారు. మంచి పనే. చేను దున్నుతూ పాము కరిచి పోయే కౌలుదారు అందులోనూ లేడు.

రాయడానికి చేయి రాని సంగతి ఒకటుంది, రాయక తప్పదు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఆత్మహత్యల లెక్క ఇస్తుంది. అందులో రైతు అంటే సొంత భూమి చేసేవాడే కాదు, కౌలుకు చేసేవాడు కూడా. అదే మరణం జిల్లా కమిటీ ముందుకు వస్తే లెక్క వేరు. లక్ష రూపాయల సాయం రావాలంటే ఆ ఇంట్లో ఎవరి పేరునైనా భూమి ఉండాలి. అప్పు బ్యాంకుదో, సహకార సంఘానిదో, లైసెన్సున్న వడ్డీ వ్యాపారిదో అయి ఉండాలి. భూమి లేని కౌలుదారుకు ఆ రెండూ ఎక్కడివి? ఫైలు మీద ‘అపాత్ర’ (అర్హత లేదు) అని రాస్తారు. ఒకే ప్రభుత్వ వ్యవస్థ ఒక పుస్తకంలో ఆ మనిషిని రైతుగా లెక్కపెట్టి, ఇంకో పుస్తకంలో అతని భార్యకు నీ భర్త రైతు కాదని చెబుతోంది. చట్టంలో మాట అర్థం మారితే ఏమవుతుందని అడిగేవాళ్లకు నేను చూపించేది ఇదొక్కటే.

‘రైతు’ అన్న మాట పుట్టుక ‘రయ్యత్’లో ఉంది. ప్రజ, శిస్తు కట్టేవాడు అని దానికి అర్థం. పాత రెవెన్యూ దఫ్తరు నుంచి మన నోట్లోకి వచ్చింది. దున్నడం అన్న అర్థాన్ని దానికి మనం ఇచ్చుకున్నాం, దఫ్తరు ఇంకా ఇవ్వలేదు. సేద్యగాడు అన్న మన మాటకు ఏ ఫారంలోనూ గడి లేదు.

యజమానుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కౌలుదారీ చట్టాల్లో ‘కూళ్’ (మరాఠీలో కౌలుదారు) అన్న మాటకు బరువెక్కువ. ఒకసారి కూళ్‌గా పేరెక్కితే భూమి మీద హక్కు వస్తుందన్న భయం మా నాందేడ్ ఉన్న మరాఠ్వాడాలో మూడు తరాలుగా ఉంది. వితంతువులు, సైన్యంలో ఉన్నవాళ్లు, పిల్లల చదువులకు పట్నం వెళ్లినవాళ్లు కూడా కౌలుకిస్తారు. వాళ్లందరూ భూస్వాములు కారు. ఆ భయంతోనే మామతో రాయించుకున్న బాండు పేపరు మీద కౌలు అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. ‘పంట చూసుకోవడానికి పెట్టుకున్న సాలగడి’ అని రాసి ఉంది. సాలగడి అంటే ఏడాది జీతగాడు. జీతగాడు యజమానికి ముందస్తు డబ్బు కట్టడం లోకంలో ఎక్కడా లేదు, అయినా కాగితం మీద అలాగే ఉంది. టి. హక్ కమిటీ నీతి ఆయోగ్‌కు 2016లో ఇచ్చిన నమూనా కౌలు చట్టం ఈ ముడినే విప్పాలని చూసింది. యజమాని హక్కుకు ఢోకా లేకుండా కౌలుదారుకు అప్పు, బీమా, విపత్తు సాయం అందాలన్నది దాని సారం. అంతకంటే న్యాయమైన దారి నాకు కనిపించలేదు.

ఇప్పుడు మహారాష్ట్రలో వ్యవసాయ పథకాలకు 2025 ఏప్రిల్ నుంచి ఫార్మర్ ఐడీ తప్పనిసరి. ఆ నంబరు భూమి రికార్డుకు ముడిపడి వస్తుంది. ఇన్నాళ్లూ ఒక్కో పథకంలో ఒక్కో అర్థం ఉండేది. ఎక్కడో ఒకచోట సందు దొరికేది. ఇకపై అన్ని గుమ్మాల దగ్గరా ఒకే అర్థం, అదీ ఉన్నవాటిలో ఇరుకైనది, నిలబడుతుందేమోనని నా ఆందోళన. సాత్‌బారాలో 7వ నమూనా హక్కుది, 12వ నమూనా పంటది. ఈ-పీక్ పాహణీ యాప్‌లో చేను ఫొటో తీసి పంట ఎక్కిస్తున్నారు. ఆ తెర మీదే ‘ఈ ఏడు సాగు చేస్తున్నది ఎవరు’ అని ఒక గడి పెట్టాలి. ఆ నమోదు ఏడాదికే చెల్లుతుందనీ, దానివల్ల ఏ కౌలు హక్కూ పుట్టదనీ చట్టంలోనే రాయాలి. బీమా, మద్దతు ధర, ప్రమాద సాయం, పంట రుణం ఆ గడిని చూడాలి. అమ్మకాలు, వారసత్వం హక్కు గడిని చూసుకుంటాయి.

మొన్న యజమాని ఊరికొస్తే ఆయన ముందే ఈ మాట అన్నాను. అలాంటి గడి వస్తే మామ పేరు తానే ఎక్కిస్తానన్నాడు. అప్పటిదాకా మాత్రం బాండు పేపరు మీద సాలగడి అనే ఉండనివ్వమన్నాడు. మామ తలూపి, వచ్చే ఉగాది మక్తా డబ్బు లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాడు.