ఎవరి కోసం వచ్చారు?

నిన్న జరిగిందిది. కోపం చల్లారకముందే రాసేయాలి. ఇంకో రెండ్రోజులు ఆగితే తప్పంతా నాదేనని మా ఇంట్లోవాళ్ళు నాచేతే ఒప్పించేస్తారు.

మా అమ్మాయి పదో క్లాసు. ఇక్కడ న్యూజెర్సీలో కాలేజీ అప్లికేషన్లలో ఇన్ని గంటలు సేవ చేశామని చూపించుకోవాలని పిల్లలందరికీ ఒకటే తాపత్రయం. దగ్గర్లో ఉన్న వృద్ధుల హోమ్‌లో హాలోవీన్ పార్టీకి వాలంటీర్‌గా పేరిచ్చింది. నా పని దింపి రావడం, అంతే. దారిలో ఫోన్ చూసుకుంటూ, "నాన్నా, మైనర్లతో పాటు పెద్దవాళ్ళొకరు ఉండాలట, వాళ్ళు కూడా కాస్ట్యూమ్‌లోనే రావాలట" అంది. ఆ మెయిల్ వచ్చి పన్నెండు రోజులైందని తర్వాత తెలిసింది.

కారు డిక్కీలో ఉన్నది ఒక్కటే కాస్ట్యూమ్. పోయిన వారం మా తెలుగువాళ్ళ దీపావళి ఫంక్షన్లో సావిత్రీ సత్యవంతుల స్కిట్ వేశాం, అందులో నాది యముడి వేషం. తిరిగిచ్చేద్దాం ఇచ్చేద్దాం అనుకుంటూ అలాగే తిరుగుతున్నా. నల్ల జుబ్బా, కొమ్ముల కిరీటం, గద, పాశం, గమ్‌తో అంటించుకునే గుబురు మీసం. వృద్ధాశ్రమానికి యముడి వేషంలో వెళ్ళడమేమిటని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు. కానీ అమెరికా ముసలివాళ్ళకి యముడెవరో ఏం తెలుసులే అనుకుని పార్కింగ్ లాట్‌లోనే కిరీటం పెట్టేసుకున్నా.

వాళ్ళ రూల్సు నిజంగా చాలా ఆలోచించి పెట్టినవే. మరుపు జబ్బు ఉన్నవాళ్ళు భయపడతారని ముఖం కనపడని మాస్కులు వద్దు, రక్తం మరకలు వద్దు, మిణుకుమిణుకుమనే లైట్లు వద్దు. గుమ్మడికాయల్ని చాకుతో కోయరు, రంగులేస్తారు. మింగడం కష్టమైనవాళ్ళుంటారు కాబట్టి గట్టి చాక్లెట్ల బదులు మెత్తటివి, పుడ్డింగూ. పార్టీ కూడా మధ్యాహ్నం మూడింటికే, ఎందుకంటే పొద్దు వాలితే మరుపు జబ్బువాళ్ళకి కంగారు ఎక్కువవుతుందట, పైగా నాలుగున్నరకల్లా డిన్నర్ పెట్టేస్తారు. ఇంత ఆలోచించినవాళ్ళు గుమ్మం దగ్గర వచ్చినవాళ్ళ వివరాలు కొట్టించుకునే ఆ దిక్కుమాలిన టచ్‌స్క్రీన్ కియాస్క్ ఎందుకు పెట్టారో మాత్రం అర్థం కాలేదు.

అడుగు పెట్టగానే ఫ్రంట్ డెస్క్ దగ్గరున్న అమ్మాయి గద తీసేసుకుంది, ఆయుధాలు కుదరవట. కాళ్ళకి అడ్డంపడి ఎవరైనా జారిపడతారని పాశం కూడా తీసేసుకుంది. నిరాయుధుణ్ణయ్యాక కియాస్క్ వైపు చూపించింది.

పేరు కొట్టాను. ఫోన్ నంబర్ కొట్టాను. జ్వరముందా, దగ్గుందా అంది, లేవన్నాను. మీరు ఎవరు అని అడిగింది. కుటుంబ సభ్యులు, స్నేహితులు, డాక్టర్, రిపేర్లు, డెలివరీ. పార్టీకొచ్చిన వాలంటీర్ అనే మాటే లేదు. డెలివరీ ఉంది గానీ పికప్ లేదు, ఉంటే కనీసం వేషానికి న్యాయం చేసినవాణ్ణయ్యేవాణ్ణి. స్నేహితుడు నొక్కాను.

తర్వాతి పేజీలో ఒకటే ప్రశ్న. మీరు ఎవరి కోసం వచ్చారు?

కింద అక్కడున్న వాళ్ళందరి పేర్లూ, పక్కనే రూమ్ నంబర్లూ.

"నేను ఎవరి కోసమూ రాలేదమ్మా, పార్టీకొచ్చాను" అన్నాను. "తెలుసండీ, కానీ పేరు సెలెక్ట్ చేయకపోతే సిస్టమ్ ముందుకెళ్ళదు. ఎవరో ఒకర్ని పిక్ చేసేయండి, ఎవరైనా పర్లేదు" అంది తలెత్తకుండా. ఎవరైనా పర్లేదట! యముడు మార్కండేయుడి దగ్గర తన్నులు తిన్నాడు, సావిత్రితో వాదనకి దిగి ఓడిపోయాడు, ఎన్ని అవమానాలు పడ్డా పాపం ఎవరి పేరు నొక్కాలో తనే తేల్చుకోవాల్సిన గతి ఆయనకి పట్టలేదు, దానికి చిత్రగుప్తుడున్నాడు. నాకున్నది ఈ గమ్ నములుతున్న పిల్ల. స్క్రీన్ మీద వేలు ఆ పేర్ల మీదుగా పైకీ కిందకీ పోతోంది. సోఫాలో ఒక పెద్దాయన వాకర్ పట్టుకుని నా వేలు వైపే చూస్తున్నాడు. వెనకాల గుమ్మడికాయ వేషాలేసుకున్న డేకేర్ పిల్లలు తాడు పట్టుకుని లైన్లో నిలబడ్డారు, మా అమ్మాయి నేనెవరో తెలియనట్టు ఆ లైన్లో చివర్న నిలబడింది. ఎవరి పేరు మీద ఆగినా చెయ్యి వణుకుతోంది. ఆ నిమిషంలో జాబితాలో మన తెలుగు పేరు ఒకటి కనపడింది, రూమ్ 114. పరాయి దేశంలో బస్టాండులో చుట్టం కనపడినట్టు ప్రాణం లేచొచ్చి నొక్కేశాను.

అయిపోయిందనుకుంటే ఫోటో అంది. ముఖాన్ని వలయంలో పెట్టాలి. కొమ్ములు పట్టవు. వంగితే మాస్క్ తీసేయండి అంటుంది. అది మాస్క్ కాదు, మీసమని కియాస్క్‌కి ఎలా చెప్పను? మీసం సగం పీకి, మోకాళ్ళ మీద వంగి, కళ్ళు పెద్దవి చేసి, ఏదో తిట్టబోతూ నోరు తెరిచాను, అప్పుడు తీసింది. ఆ బొమ్మతో స్టిక్కర్ బ్యాడ్జి ఒకటి బయటకొచ్చింది, గుండెకి అతికించుకుని లోపలికెళ్ళాను.

లోపల ఏం జరిగిందో ఎక్కువ గుర్తులేదు. కారిడార్‌కి రెండువైపులా కుర్చీల్లో పెద్దవాళ్ళు, ఒళ్ళో చాక్లెట్ గిన్నెలు, మధ్యలోంచి పిల్లలు. హాలోవీన్‌కి పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడుగుతారు కదా, ఇక్కడ ఈ కుర్చీలే ఇళ్ళన్నమాట. కొమ్ములు చూసి అందరూ నన్ను వైకింగ్ (పాతకాలం యూరప్ సముద్రపు దొంగ) అన్నారు. సరేనన్నాను.

చివర్లో వీల్‌చైర్లో మన రూమ్ 114 మామ్మగారు, తల మీద నారింజరంగు కాగితం టోపీ. నన్ను కింద నుంచి పైకి తీరిగ్గా చూశారు.

"ఏ ఊరు నాయనా?"

"తెనాలండీ."

"అనుకున్నా, కిరీటం పద్ధతిగా ఉంది. పాశమేదీ?"

"ముందు డెస్క్ దగ్గర తీసేసుకున్నారండీ."

"గద?"

"అదీనండీ."

"మరి ఉత్త చేతుల్తో ఎందుకొచ్చావ్?" అని ఒక మెత్తటి చాక్లెట్ చేతిలో పెట్టి, ఇంటిపేరు అడిగి, మా పెదనాన్న గురించి నాకే తెలియని రెండు విషయాలు చెప్పారు. తుంటి ఆపరేషనయ్యాక నడక నేర్చుకోడానికి ఇక్కడున్నారట, వచ్చే వారం ఇంటికెళ్ళిపోతారట, కూరల్లో ఉప్పు ఉండదట.

అంతలో డెస్క్ అమ్మాయి ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. విషయమేమిటంటే, మనం ఎవరి పేరు నొక్కితే వాళ్ళింటివాళ్ళ ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది, మీ అమ్మగారిని చూడ్డానికి స్నేహితులొచ్చారని. ఫోటోతో సహా. మామ్మగారబ్బాయి ఆఫీసు పనిమీద హైదరాబాద్ వెళ్ళాడు, అక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. తల్లికి పోయిన నెలే ఆపరేషనైన మనిషి, నిద్రలో ఫోన్ టింగుమంటే తీసి చూశాడు. రూమ్ 114లో మీ అమ్మగారి కోసం వచ్చినవారు అని, కింద నేను.

ఆయన అన్న మాటలు రాయను. న్యాయమైనవే. కాకపోతే పదిహేను నిమిషాలు నన్నే తిట్టాడు గానీ కియాస్క్‌ని ఒక్క మాట అనలేదు. మధ్యలో మామ్మగారు ఫోన్ లాక్కుని, "పడుకోరా, తెనాలి అబ్బాయే, వాళ్ళింటిపేరు మనకి తెలుసు" అన్నారు. అయినా ఆయన చల్లబడలేదు.

బయటకొచ్చేటప్పుడు చెకౌట్ చేయాలట, దానికి బ్యాడ్జి మీద కోడ్ కావాలట. బ్యాడ్జి లేదు, జుబ్బా మెరుపులకి అతుక్కోక ఎక్కడో ఊడిపోయింది. డెస్క్ అమ్మాయి డ్యూటీ అయిపోయింది, కొత్తగా వచ్చినతను సిస్టమ్ రాత్రికి దానంతటదే క్లోజ్ చేసేస్తుంది లెండి అన్నాడు. గద, పాశం తీసుకుని వచ్చేశాం. కార్లో మా అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు, దిగేముందు మాత్రం "నాకు రెండు గంటలే రాశారు" అంది, అదీ నా వల్లే అన్నట్టు.

పొద్దున ఏడింటికి ఫోన్‌కి మెసేజ్. "మీరు ఇంకా రూమ్ 114లోనే ఉన్నట్టు నమోదైంది. మీ పని పూర్తయిందా?" కింద అవును, కాదు అని రెండు బటన్లు. దాని కింద చిన్న అక్షరాల్లో, ఈ సమాచారం కుటుంబ సభ్యులకు కూడా పంపబడింది.

ఏది నొక్కితే ఏమవుతుందో తెలియక అలాగే ఉంచాను. ఇది రాస్తుంటే ఫోన్ మోగుతోంది, తెలియని నంబరు.