తేలిక రైఫిల్ గారికి ఎక్సెస్ లగేజీ మనిషి రాయునది

మహారాజశ్రీ రైఫిల్ గారి సముఖమునకు,

ఇక్కడ కుడి భుజం, కుడి కనుబొమ్మ తప్ప నేను క్షేమం. తమరు గరాజ్‌లో ఇనప్పెట్టెలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మిమ్మల్ని చూడగానే నేను అడిగిన మొదటి మాట మీ బరువు ఎంతని. అది నా తప్పు కాదు, అలవాటు. అమెరికా వచ్చిన తెలుగువాడికి పుట్టినరోజు మర్చిపోయినా విమానం పెట్టెకు 23 కిలోలు, అంటే 50 పౌండ్లు, అన్న లెక్క మర్చిపోవడం ఉండదు. పెట్టెను కొక్కెం తూనికకు తగిలించి, ఊపిరి బిగబట్టి పైకెత్తి, అంకె ఆగేదాకా బొమ్మలా నిలబడే విద్యలో మేం ఆరితేరాం. గోంగూర సీసా తీస్తే అత్తగారికి కోపం, కందిపొడి తీస్తే అమ్మకు కోపం. అలా గ్రాముల్లో బతికినవాడి చేతిలో షాపువాడు మిమ్మల్ని పెట్టి "5.25 పౌండ్లు" అన్నాడు. మీరు అగరుబత్తి కట్టలా ఉన్నారు. ఇంకేం అడగబుద్ధి కాలేదు.

పక్కనే 7.5 పౌండ్ల మీ అన్నగారు కూర్చుని ఉన్నాడు, 900 డాలర్లకి. మీరు 2,800. అంటే రెండుంపావు పౌండ్లు తగ్గించినందుకు 1,900 డాలర్లు, ఔన్సుకి (పౌండుకి పదహారు ఔన్సులు) దాదాపు 53. ఎయిర్‌లైన్స్‌వాళ్ళు కూడా బరువు ఎక్కువైతేనే డబ్బులడుగుతారు. తక్కువైనందుకు డబ్బులు కట్టించుకున్నది మీరొక్కరే.

మీ వంశం నాకు కొత్తేమీ కాదు లెండి. బోల్ట్ యాక్షన్ అంటే మా నంద్యాల ఇంటి పెరటి తలుపు గడియే. పైకెత్తు, వెనక్కి లాగు, ముందుకు తొయ్యి, కిందికి దించు. జర్మనీలో మౌజర్ అనే ఆయన 1898 మోడల్‌లో ఆ గడియను ఎంత పక్కాగా కుదిర్చాడంటే, తర్వాత వచ్చినవాళ్ళలో చాలామంది ఆయన పేపరు చూసి రాసినవాళ్ళే. 1936లో వించెస్టర్ కంపెనీవాళ్ళ మోడల్ 70 వచ్చింది. 1952లో దాన్నే కాస్త చెక్కి ఫెదర్‌వెయిట్ అన్నారు. ఈక అన్నమాట, అయినా ఏడు పౌండ్ల దరిదాపుల్లో ఉండే ఈక. 1980లలో వెస్ట్ వర్జీనియాలో మెల్విన్ ఫోర్బ్స్ అనే ఆయన చెక్క పిడి బదులు కెవ్లార్, కార్బన్ ఫైబర్ పిడి పెట్టి ఐదు పౌండ్ల దగ్గరికి దించాడు. ఆయన పనితనం మీద నాకు గౌరవమే. నా గొడవంతా ఆ తర్వాత పుట్టిన మీతోనే. టైటానియం ఒళ్ళు, సన్నటి స్టీలు గొట్టం, దాని చుట్టూ కార్బన్ చుట్ట, బోల్టు పొడుగునా గాళ్ళు. ఆఖరికి బోల్టు పిడిక్కూడా గారెకు పెట్టినట్టు చిల్లు పెట్టారు. ఆ చిల్లు వల్ల ఎంత తగ్గిందో తూచాలని చూశాను. నా తూనికకు అంత చిన్న అంకె రాదు.

పైగా మీ మీద "లాంగ్ రేంజ్" అని రాసి ఉంది. దూరం కొట్టాలంటే మంచి స్కోప్ ఉండాలన్నారు, 28 ఔన్సులు. దాన్ని బిగించే మౌంటు 6. పడుకుని కొట్టడానికి రెండు కాళ్ళ స్టాండు 13. పట్టీ, మూడు తూటాలు కలిపి 8. అన్నీ తగిలించి మిమ్మల్ని కొక్కేనికి వేలాడదీస్తే 8.7 పౌండ్లు చూపించింది. మా ఆవిడ కాఫీ తాగుతూ చూసింది. "ఏవండీ, 1,900 పెట్టి తీయించిన బరువు మళ్ళీ డబ్బు పెట్టి కొనుక్కున్నారా?" అంది. అసలు స్కోప్ ఎంతకు కొన్నానో ఆవిడకి ఇంకా తెలీదు. మీరూ చెప్పకండి.

భుజం సంగతికి వస్తాను. 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ తీసుకున్నాను. 1962 నుంచి కొండల్లో పనిచేస్తున్న తూటా, దాన్ని తప్పు పట్టను. కానీ తూటా అదే అయినప్పుడు రైఫిల్ బరువు సగమైతే వెనక్కి తన్నే శక్తి రెట్టింపు అవుతుందని ఇంటర్ ఫిజిక్స్‌లో చదివాను, ఆరు మార్కుల ప్రశ్న. మార్కులు పడ్డాయి గానీ బుర్రకెక్కలేదు. షూటింగ్ రేంజ్‌లో మూడో గుండుకి స్కోప్ అంచు వచ్చి కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో ముద్ర వేసింది. నాలుగో గుండు నుంచి ట్రిగ్గర్ మీద వేలు పెట్టకముందే కళ్ళు మూసుకోవడం మొదలెట్టాను. సోమవారం వీడియో మీటింగ్‌లో మేనేజర్ "ఏదైనా పండుగా?" అని అడిగాడు. అవునన్నాను.

తన్ను తగ్గాలని మీ గొట్టం మూతికి, పేలుడు గాలిని పక్కలకు చిమ్మే బ్రేక్ బిగించాను. తన్ను తగ్గింది, చప్పుడు పెరిగింది. అటుపక్క, ఇటుపక్క బెంచీలవాళ్ళు మర్యాదగా లేచి వెళ్ళిపోయారు. మీ సన్న గొట్టానికి వేడి ఒప్పదు కాబట్టి మూడు గుళ్ళు కొట్టాక చల్లారేదాకా ఆగాలి. కాలుతున్న పెనం ముందు ప్లేటు పట్టుకుని నిలబడ్డట్టు, ఆ ఖాళీ బెంచీల మధ్య నేనొక్కణ్ణే.

ఇక కొండ. కొలరాడోలో మీకర్ అనే ఊరి పక్కన వైట్ రివర్ కొండలు. ఈ దేశంలో ఏ రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్‌లు కొలరాడోలో ఉన్నాయి. ఎల్క్ అంటే పెద్ద జింక, మా నల్లమల కణుజుకు పెదనాన్న. నల్లమలలో తుపాకీ పట్టుకుని తిరిగితే 1972 వన్యప్రాణి చట్టం కోర్టు మెట్లు ఎక్కిస్తుంది. ఇక్కడ వేట పాఠాలు చదివి, పరీక్ష రాసి, లైసెన్సు కొనుక్కుని, నడుము పైన 500 చదరపు అంగుళాలు తగ్గకుండా మెరిసే నారింజ రంగో, గులాబీ రంగో తొడుక్కుని వెళ్ళాలి. నెత్తి మీద టోపీ కూడా అదే రంగు. మా సీజన్ సరిగ్గా కార్తీకంలో పడింది. ఆ రంగు బట్టల్లో బయల్దేరుతుంటే మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, "మాల వేసుకున్నావా నాయనా" అని మురిసిపోయింది. కాదని చెప్పడానికి నోరు రాలేదు.

పక్కింటి పెద్దాయన తోడొచ్చాడు. ఆయనది తాతల నాటి వాల్‌నట్ పిడి వించెస్టర్, 30-06. నా తూనికలో 9.2. జాలిపడ్డాను. కొండ ఎక్కేటప్పుడు మీరు నిజంగానే సుఖం, ఆ మాట ఒప్పుకుంటాను. మీ అరివీర పరాక్రమమంతా భుజానికి వేలాడుతున్నంత సేపే.

పదివేల అడుగుల ఎత్తున ఎదుటి గట్టు మీద ఎల్క్ కనిపించింది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ 530 గజాలంది. పడుకున్నాను. వాలు మీద స్టాండు కాళ్ళు ఒకటి ఆనితే ఒకటి ఆనలేదు. గస తగ్గలేదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా మీరూ కొట్టుకున్నారు. స్కోప్‌లో గురి చూసే క్రాస్‌హెయిర్ గీత ఎల్క్ ముక్కు దగ్గర బయల్దేరి తోక దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి ఆస్పెన్ చెట్టును పలకరించి వచ్చింది. బరువున్న రైఫిల్ అయితే కాస్త బద్ధకంగా ఊగేది. మీకు బద్ధకం లేదు.

అంత దూరంలో తూటా మూడడుగులకు పైగా కిందికి జారుతుంది. ఆ లెక్క ఫోన్ చెబుతుంది. గాలి సంగతి ఫోన్‌కి తెలీదు. గంటకు పది మైళ్ళ అడ్డగాలికే తూటా అడుగుకు మించి పక్కకు పోతుంది. నా దగ్గర గడ్డి ఎడమకు వంగింది, మధ్య లోయలో కుడికి వంగింది. పైగా తూటా అక్కడికి చేరడానికి అర సెకను పైనే పడుతుంది. ఈలోగా ఆ జీవి ఒక అడుగు ముందుకేస్తే తూటా గుండెకు బదులు పొట్టలో దిగుతుంది. అప్పుడది ఏ పొదలోకో పోయి రాత్రంతా చావలేక పడి ఉంటుంది. ఇది మీ బ్రోషర్‌లో లేదు. అందులో కార్బన్ ఫైబర్ ఫోటోలున్నాయి.

మీకర్ దగ్గరే 1901లో, అమెరికా ప్రెసిడెంటు కాకముందు, థియోడోర్ రూజ్‌వెల్ట్ కొండసింహాలను వేటాడాడు. ఆయన 1887లో పెట్టిన వేటగాళ్ళ సంఘం బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, లాంగ్ రేంజ్ అనేదాన్ని గజాల్లో కొలవదు. నువ్వు జంతువు దగ్గరికి వెళ్ళాలనుకుంటున్నావా, నీ సామాను ఎంత దూరం పనిచేస్తుందో చూసుకోవాలనుకుంటున్నావా అని అడుగుతుంది. నేనా? 2,800 డాలర్లు ఎంత దూరం పోతాయో చూద్దామని పడుకున్నాను. గడియ ఎత్తి తూటా బయటికి తీసేశాను. 

పెద్దాయన ఏమీ అనలేదు. కాసేపు గాలి వాసన చూసి, వాగు చాటున వంగి నడుస్తూ పోయాడు. గంటంపావు పట్టింది. నేను బైనాక్యులర్స్‌లో చూస్తూ మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర తిన్నాను. 140 గజాల నుంచి ఒక్కటే గుండు. ఎల్క్ నాలుగడుగులు వేసి కూలిపోయింది.

కోసి, మోసే వాటాలు వేసేటప్పుడు ఆయన మీ వైపు, నా వైపు చూసి, "నీకు తుపాకీ బరువు లేదు కదా" అని వెనక తొడ తెచ్చి నా వీపున కట్టాడు. చీకటి పడేదాకా మూడు మైళ్ళు దిగాను. దారి పొడుగునా మీరు నా భుజాన ఊగుతూ పక్కటెముకల మీద తాళం వేశారు.

ఇట్లు,
తమ విధేయుడు, నంద్యాలవాడు

తా.క.: కొక్కెం తూనిక కార్లోనే ఉండిపోయింది. దిగగానే ఆ తొడను తగిలించి, ఊపిరి బిగబట్టి పైకెత్తాను. 55.2. చెయ్యి దానంతటదే సంచీ జిప్పు మీదికి పోయింది, ఏం తీసేద్దామా అని. ఐదుంపావు పౌండ్లు తీసేస్తే చాలు. మీరు అక్కడే, డోరుకి ఆనుకుని ఉన్నారు.