చూశావా, చివరికి ఏమైందో!

మొన్న ఆదివారం అక్కావాళ్ళింట్లో భోజనాల దగ్గర పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు సంగతి వచ్చింది. ఎత్తింది నేనే, తప్పు నాదే. అక్క పెరుగు వడ్డిస్తూ ఒక్క ముక్కలో తేల్చేసింది: "ఐఐటీ, ఐఐఎం చదివి ఏం లాభం? చూశావా, చివరికి ఏమైందో!"

చివరికి ఏమైందో నాకూ తెలుసు. 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దు దగ్గర ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ కనిపించకుండా పోయాడు. ఏప్రిల్‌లో దొరికాడు, ప్రాణం లేకుండా. నిండా నలభై ఒకటి లేవు. నెల్లూరు జిల్లాలోని పల్లెలో కన్నతల్లి ఎదురు చూస్తూ ఉంది. ఆమె ముందు నిలబడి నేను ఏ వాదనా చెయ్యలేను. చెయ్యను కూడా.

కానీ అక్కా, చివర ఒక్కటే ఎందుకు చూస్తాం? మనకు ఏడుకొండలంటే తిరుమలే. అతను 2006లో ఏడు ఖండాల్లోనూ అన్నిటికంటే ఎత్తైన శిఖరాలు ఎక్కాడు. జనవరి 19న అంటార్కిటికాలో మొదలుపెట్టి జులై 10న అలాస్కాలో ముగించాడు. 172 రోజులు. అందులో ఒక తమాషా ఉంది, నాకు భలే ఇష్టం: ఒక్కో శిఖరం వారంలో ఒక్కో రోజున పడింది. ఎవరెస్టు ఆదివారం, కిలిమంజారో బుధవారం, అలా. ఆ పర్మిట్లు, విమానాలు, వాతావరణం, డబ్బు లెక్కలు వేసుకున్న మనిషిని పట్టుకుని "బుర్ర లేదు" అంటే ఎలా? మనం పెళ్ళికి బస్సు మాట్లాడటానికే నెల రోజులు కొట్టుకుంటాం.

తెలియక వెళ్ళాడా అంటే అదీ కాదు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. అదే స్కూలు పూర్వ విద్యార్థి ఉదయ భాస్కర రావు 1985లో ఎవరెస్టు మీద చనిపోయారు. మస్తాన్ బాబుకు స్ఫూర్తి ఆయనే. అంటే కొండ ప్రాణం తీస్తుందన్న సంగతి ఈ కుర్రాడికి మొదటి పాఠంలోనే తెలుసు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా చేసి చూశాకే కొండలు ఎంచుకున్నాడు. చేతిలో ఆ డిగ్రీలు ఉన్నాయి కాబట్టి ధైర్యం చేశాడంటారా? ఒప్పుకుంటాను. అప్పుల్లో ఉన్న ఇంటి పిల్లాడికి నేనీ మాటలు చెప్పను.

మరి సేఫ్‌గా ఉన్నవాళ్ళ చివర ఎవరూ చూడరేం? మా బాబాయి రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. ఏటా ఫ్రీ పాసులు. కేదార్‌నాథ్ చూడాలని ఆయన కోరిక. "రిటైరయ్యాక వెళ్దాంలేరా" అనేవాడు. రిటైరయ్యేసరికి మోకాళ్ళు పోయాయి. ఇప్పుడు యూట్యూబ్‌లో కేదార్‌నాథ్ వీడియోలు పెట్టుకుని చూస్తుంటాడు, సౌండ్ తగ్గించి, పిన్నికి వినపడకుండా. ఆయన్ని చూపించి "చివరికి ఏమైందో చూశావా" అని పిల్లల్ని ఎవరైనా భయపెట్టారా?

అసలు ఈ గొడవంతా ఎందుకంటే, మా మేనల్లుడు ఉత్తరకాశీలో పర్వతారోహణ బేసిక్ కోర్సుకి వెళ్తానంటున్నాడు. 28 రోజులు. ఆఫీసులో అంత సెలవు ఇవ్వరట, రిజైన్ చేస్తాడట. "మామయ్యా, అమ్మతో నువ్వు మాట్లాడు" అన్నాడు. మాట్లాడాను. అక్క మూడు రోజులుగా నా ఫోను ఎత్తడం లేదు.

వాడికి మాత్రం మెసేజ్ పెట్టాను, బూట్ల సైజు ఎంతరా అని.