కూపర్టినో ఇళ్ల ప్లాన్ మీద ఆ ఫార్వర్డ్ ఇక ఆపండి

మళ్లీ వచ్చింది. ఈసారి పైన "తప్పక చదవండి, పదిమందికీ పంపండి" అని తగిలించి మరీ పంపారు. "కాలిఫోర్నియా ప్రభుత్వం కూపర్టినోలో బలవంతంగా 4,588 ఇళ్లు కట్టిస్తోంది. నీళ్లుండవు, స్కూళ్లు కిక్కిరిసిపోతాయి, తక్కువ ఆదాయం వాళ్లొచ్చి క్రైమ్ పెరుగుతుంది. కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లి హౌసింగ్ ఎలిమెంట్‌ని రద్దు చేయించండి" అని దాని సారాంశం. పంపుతున్నవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

ఎవరూ ఎవరిచేతా ఏమీ కట్టించడం లేదు. 2031లోపు ఆ 4,588 ఇళ్లకు చోటెక్కడుందో ఒక ప్లాన్‌లో చూపించి (అదే హౌసింగ్ ఎలిమెంట్), అక్కడ కట్టుకోనిచ్చేలా జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న రూల్, మార్చమని రాష్ట్రం మన సిటీకి చెప్పింది, అంతే. స్థలం ఉన్నాయన ఇష్టమైతే కడతాడు, లేకపోతే లేదు. మీ పెరడు ఎవరూ లాక్కోరు.

నీళ్లంటారా, రోజూ లాన్ తడిపే ఇంటికంటే ఫ్లాట్‌కి తక్కువే పడతాయి.

ఇక స్కూళ్లు. ఈ ముక్క రాసినవాళ్లు అసలు ఈ ఊళ్లో ఉంటున్నారా? పిల్లలు తగ్గిపోయి 2022లో మన స్కూల్ డిస్ట్రిక్ట్ రెగ్నార్ట్, మేయర్‌హోల్జ్ ఎలిమెంటరీలను మూసేసింది. చిన్నపిల్లలున్న జంటలు ఇక్కడ ఇల్లు కొనలేకపోతుంటే క్లాసులు నిండేదెలా?

నాకు నిజంగా కోపం తెప్పించింది "తక్కువ ఆదాయం వాళ్లు" అన్న మాట. ఆ 4,588లో 1,880 ఇళ్లు వాళ్లకోసమే. ఎవరు వాళ్లు? 2023 లెక్క ప్రకారం శాంటా క్లారా కౌంటీలో నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 1,37,100 డాలర్లు దాటకపోతే అది తక్కువ ఆదాయమే. అంటే పిల్లలిద్దరితో, ఒక్క జీతం మీద బతికే టీచరు. మీ నాన్నగారికి బీపీ చూసే మెడికల్ అసిస్టెంటు. హెచ్4 (డిపెండెంట్) వీసా మీదున్న భార్యకు పని చేసే వీల్లేక ఒక్కడే సంపాదిస్తున్న మన కుర్రాడు కూడా కావచ్చు. మేం శనివారం టిఫిన్‌కి వెళ్లే చోట పెనం ముందుండే ఆయన ట్రేసీ నుంచి వస్తాడు. ఏడింటికల్లా చట్నీలు సిద్ధంగా ఉండాలంటే చీకటితోనే ఆల్టమాంట్ కనుమ దాటాలి. రాత్రి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోతుంటారట. ఆయన పోసే దోసె కావాలి, ఆయన మాత్రం మన వీధిలో ఉండకూడదు! క్రైమ్ పెరుగుతుందన్నారే, దానికి ఫార్వర్డ్‌లో ఒక్క ఉదాహరణైనా ఉందా? హైదరాబాద్‌లో "మీరేమిట్లు? నాన్‌వెజ్ తింటారా?" అని గుమ్మంలోనే అడిగి ఇల్లివ్వని ఓనర్లను ఎంత తిట్టుకున్నాం! ఇక్కడ మనం చేస్తున్నది అంతకంటే మెరుగా?

రద్దు చేయించాలట. చేయిస్తే ఏమవుతుందో తెలుసా? ఈ ప్లాన్ సిద్ధం చేయడానికి సిటీకున్న గడువు 2023 జనవరి 31. మన ప్లాన్‌కి రాష్ట్రం ఆమోదం వచ్చింది 2024 సెప్టెంబర్‌లో. ఆ మధ్యకాలంలో "బిల్డర్స్ రెమెడీ" వర్తించింది. అంటే అప్పటి రూల్ ప్రకారం బిల్డర్ 20 శాతం ఇళ్లు తక్కువ ఆదాయం వాళ్లకు కేటాయిస్తే చాలు, జోనింగ్ ఒప్పుకోదని సిటీ కాదనడానికి వీల్లేకపోయింది. 2022లో శాంటా మోనికాలో ఇలాగే 4 వేలకు పైగా ఇళ్లకు అప్లికేషన్లు పడ్డాయి. ప్లాన్ చేయనని మొండికేసిన హంటింగ్టన్ బీచ్ మీద 2023లో రాష్ట్రమే కోర్టుకెక్కింది. ఆ సిటీ ఫెడరల్ కోర్టులో వేసిన కేసూ నిలవలేదు. పెద్ద బిల్డింగులు వద్దనేవాళ్లకు ఈ ప్లానే రక్ష. దాన్నే చింపేయమంటున్నారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. "ఈ అంకె ఎవరు తేల్చారు?" అని ఫార్వర్డ్ చివర్లో ఒక ప్రశ్న ఉంది, అది సరైనదే. 2022లో రాష్ట్ర ఆడిటర్ మూడు ప్రాంతాల ఇళ్ల అవసరాల లెక్కలు పరిశీలించి, హౌసింగ్ శాఖ చేసిన తప్పులు బయటపెట్టారు. పైగా 1,880 ఇళ్లకు చోటు చూపమన్న రాష్ట్రం, అవి కట్టడానికి సరిపడా డబ్బు మాత్రం ఇవ్వలేదు. మార్కెట్ రేటుకి అమ్మే ఇళ్లు కట్టేవాళ్లు దొరుకుతారు, వీటికి దొరకడమే కష్టం. కౌన్సిల్ మీటింగ్‌కి తప్పకుండా వెళ్లండి. మైకు దగ్గర ఇచ్చే ఆ కాసేపట్లో, ఆ 1,880 ఇళ్లకు డబ్బు ఎక్కడినుంచి తెస్తారో అడగండి.