రెండో ఎక్స్ అక్కకు, అనంతపురం నుంచి

మహాలక్ష్మీ సమానురాలైన రెండో ఎక్స్ క్రోమోజోమ్ అక్కకు వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ పొద్దున ఆరింటికి లేస్తే, పెన్ను పట్టుకునే సరికి ఏడున్నర అయింది. పిడికిలి బిగిస్తే బిగియదు, తెరిస్తే తెరుచుకోదు. నిన్న చేట నిండా చెనిక్కాయలు ముందర పెట్టుకున్నా. కాయ మూతిని బొటనవేలితో నొక్కితే టప్పుమనాలి కదా! కాయ గమ్మునుంది, నా కణుపే మూలిగింది. చివరికి ఒక్కో కాయ తలుపు సందులో పెట్టి పగలగొట్టా. అనంతపురంలో పుట్టి చెనిక్కాయ ఒలవలేకపోవడం కంటే పరువు తక్కువ ఇంకేముంటుంది?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనింది డాక్టరమ్మ. ఒంటిని కాయాల్సిన కావలివాళ్లే ఒంటి మీద పడే జబ్బు. ఇలాంటి జబ్బులున్న ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు ఆడవాళ్లే. చర్మం, కీళ్లు, కిడ్నీలు దేన్నీ వదలని లూపస్ అనే జబ్బులో అయితే పదిమందికి తొమ్మిదిమంది. బస్సులో ఆడవాళ్ల సీట్లు కూడా ఇంత కచ్చితంగా మాకు దక్కవు.

"అది మీ పుట్టింటి రోగం" అని మా అత్త తీర్పు చెప్పేసింది. నేనూ కొన్నాళ్లు మా అమ్మ మీద కోపం పెట్టుకున్నా. తర్వాత కదా నీ కథ తెలిసింది. ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు, మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. నాకున్న రెండు ఎక్స్‌లలో ఒకటి అమ్మది, ఇంకోటి నాయన ఇచ్చింది. ఆయనకిచ్చింది మా జేజి. ప్రతి కణంలో ఒక ఎక్స్ పని చేస్తుంటే రెండోది నోరు మూసుకుని మూలన ముడుచుకోవాలని 1961లో మేరీ లయన్ అనే ఆవిడ చెప్పింది. ఎవరు మూలన పడాలో చీట్లు వేసినట్టే. ఒక కణంలో అమ్మది, పక్క కణంలో జేజిది. నిన్ను ఏ ఇంటిపేరు పెట్టి తిట్టాలక్కా?

పోనీ, కూర్చున్నదానివి కుదురుగా ఉంటావా? నీలోంచే పుట్టే ఎక్సిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏను కంబళిలాగా కప్పుకుంటావు. గొర్రెలు కాసేవాళ్ల కంబళిని బీట్లో ఈడిస్తే పల్లేరుకాయలు పట్టుకున్నట్టు, దానికి ప్రొటీన్లు పట్టుకుంటాయి. కణం చచ్చి ఆ ముళ్లమూట బయటపడితే, మా కావలివాళ్లు దొంగ దొంగ అని కేకలు. 2024లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు మగ ఎలుకల్లో ఎక్సిస్ట్ పుట్టేలా చేసి, జబ్బు రేపే రసాయనం ఇస్తే, ఆడ ఎలుకల్లాగే వాటికీ లూపస్ లాంటి జబ్బు ముదిరింది. అదీగాక కంబళి కింద నుంచి నీ గుసగుసలు ఆగవు. టీఎల్‌ఆర్7 అనే అలారం లాంటి జీన్ నీ దగ్గర పూర్తిగా నోరు మూయదు. ఎక్స్ ఎక్స్ వైతో పుట్టిన మగవాళ్లకూ లూపస్ ముప్పు ఇంచుమించు ఆడవాళ్లంత ఉంటుందట. మీసాలున్నా వదలవన్నమాట.

ఇదంతా ఎక్కువగా లూపస్‌లో తేలిన సంగతి. నా వేళ్లలో నీ వాటా ఎంతో లెక్క తేలలేదు. అయినా అనుమానం మీద తిట్టడం మా వీధిలో తప్పు కాదు.

ఇక ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్, నీ తోడుదొంగ. యాంటీబాడీలు చేసే కణాలను వీపు తట్టి ఎగదోస్తుంది. మగవాళ్ల టెస్టోస్టెరాన్ ఏమో సాల్లే అని వాటిని కూర్చోబెడుతుంది. కానీ ఈస్ట్రోజెన్ బుద్ధి ఒక తీరుగా ఉండదు, ఒక ఇంట్లో తల్లి, ఇంకో ఇంట్లో అత్త. చిన్నోడు కడుపులో ఉన్నన్నాళ్లూ, ఒంట్లో అది పొంగిపొర్లుతున్నా, నా వేళ్లు వెన్నలా ఉండేవి. పదిమందికి సంగటి గెలికా. కాన్పయిన రెండు నెలలకు మళ్లీ మొదలు. "బాలింత చన్నీళ్లలో చేతులు పెడితే రాదా మరి" అనింది అత్త. గర్భంతో ఉంటే ఈ కీళ్లజబ్బు చాలామందికి తగ్గుతుందని అమెరికా డాక్టరు ఫిలిప్ హెంచ్ 1938లోనే రాశాడు. ఆ మేలు చేసేదేదో ఒంట్లో ఉందని, దానికో పేరు పెట్టుకుని వెతుకుతూ పోతే కార్టిజోన్ అనే హార్మోన్ దగ్గర తేలాడు, 1950లో నోబెల్ కొట్టాడు. ఆయన పెట్టుకున్న పేరేమిటో తెలుసా? సబ్‌స్టెన్స్ ఎక్స్! అక్కడా నువ్వేనా తల్లీ?

పుట్టింటి వాటా అసలు లేదని కాదు. ఆరో క్రోమోజోమ్ మీద ఉండి, ఏది మనది ఏది పరాయిదో కావలివాళ్లకు చూపే హెచ్‌ఎల్‌ఏ జీన్లు అమ్మా నాయనా ఇద్దరూ ఇచ్చినవే. కానీ అచ్చుగుద్దినట్టున్న కవలల్లో ఒకరికి ఈ జబ్బొస్తే, రెండోవాళ్లకు వచ్చేది నూటికి సుమారు 15 మందికే.

ఇంతవరకు రాసి అత్తకు చదివి వినిపించా. పుట్టింటి మాట వచ్చినచోట ఏమీ అనలేదు. చేట తన వైపు లాక్కుని నాలుగు కాయలు ఒలిచింది. ఐదోది చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"నాకూ పొద్దున్నే ఇట్లే పట్టేస్తాయి. ఎనిమిదేండ్లాయ. వయసనుకుంటి" అనింది.

చూస్తే రెండు చేతుల కణుపులూ వాచి ఉన్నాయి. సోమవారం బెంగళూరు బస్సుకు రెండు టికెట్లు చెప్పాం.

ఇట్లు,
నీ కంబళి మోస్తున్న
ఒక కోడలు